కత్తి లేని దారి వేసిన చార్లెస్ డాటర్

కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు. షిఫ్టు మారే వేళ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఎటు చూసినా బైకులే. ప్రమాదం జరిగిందంటే తలకు తగిలిందా, కాలు విరిగిందా అని అందరూ అడుగుతారు. ఒక రకం దెబ్బ గురించి మాత్రం అడిగేవారూ ఉండరు, చెప్పుకొనేవారూ ఉండరు. గబుక్కున బ్రేకు వేసినప్పుడు మనిషి ముందుకు జారి, కాళ్ల సందున పెట్రోలు ట్యాంకుకు బలంగా గుద్దుకోవటం అలాంటిది. షెడ్డు పైన పనిచేస్తూ కాలు జారి, అటొక కాలు ఇటొక కాలుగా ఇనుప దూలం మీద పడటమూ అంతే. సైకిలు నేర్చుకునే పిల్లాడు మధ్య రాడ్డు మీద పడినా ఇదే దెబ్బ. కాసేపు కళ్లు బైర్లు కమ్ముతాయి. తర్వాత నొప్పి తగ్గుతుంది. లేచి దులుపుకొని పనిలోకి వెళ్లిపోతారు.

కొందరిలో కథ అక్కడితో ముగియదు. కొన్ని గంటలకో, కొద్ది రోజులకో అంగం తనంతట తానే గట్టిపడి అలాగే ఉండిపోతుంది. కోరికతో దానికి సంబంధం ఉండదు. పూర్తిగా బిగుసుకోదు, పెద్దగా నొప్పీ ఉండదు. నొప్పి లేకపోవటంతో ఆసుపత్రికి వెళ్లాలని తోచదు. తోచినా సిగ్గు వెళ్లనివ్వదు. వదులు ప్యాంటు వేసుకొని వారాలు, నెలలు గడిపేస్తారు. పెళ్లయినవారు భార్యకు చెప్పటానికీ జంకుతారు. ఎవరితోనైనా అంటే నవ్వుతారేమోనని భయం. చివరికి వెళ్తే డాక్టరు అక్కడ కోత పెడతాడేమోనని అంతకన్నా పెద్ద భయం.

దీన్ని ధమని ప్రయాపిజం అంటారు. ఇంతగా భయపడాల్సిన జబ్బు కాదిది. చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గజ్జల్లో సూది గుచ్చినంత రంధ్రం చేసి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని పంపి, లోపల చిరిగిన ధమనిని తాత్కాలికంగా మూసేస్తారు. ఈ చికిత్స పేరు ఎంబొలైజేషన్. అంగం మీద ఒక్క కోత కూడా ఉండదు.

రక్తనాళంలోకి పంపిన గొట్టంతో లోపలి సంగతులు చూడటమే కాదు, అక్కడ పని కూడా చేయించొచ్చని పట్టుబట్టిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు చార్లెస్ థియోడర్ డాటర్. ఇవాళ గుండె నాళాల్లో స్టెంటు వేయించుకునే ప్రతి ఒక్కరూ, మెదడులో గడ్డను తీయించుకునే ప్రతి ఒక్కరూ ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు. బతికున్నంత కాలం సొంత దేశంలో ఆయనకు దక్కిన పేరు మాత్రం పిచ్చి చార్లీ.

కొండలెక్కే పిల్లాడు

డాటర్ 1920 జూన్ 14న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. పెరిగింది న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో. చదువులో చురుకు కావటంతో బడిలో ఒక తరగతి దాటించి పై తరగతిలో కూర్చోబెట్టారు. దాంతో తోటివారందరికన్నా పొట్టిగా, బక్కగా కనపడేవారు. జట్టు ఆటల్లో చోటు దొరికేది కాదు. ఒంటరిగా ఆడే ఆట వెతుక్కున్నారు. అది కొండలెక్కటం. ఆ పిచ్చి చివరిదాకా వదల్లేదు. రెండో పిచ్చి యంత్రాలు. ఏది చేతికి చిక్కినా విప్పి, లోపల ఏముందో చూసి, మళ్లీ బిగించాల్సిందే.

డ్యూక్ విశ్వవిద్యాలయంలో 1941లో డిగ్రీ, కార్నెల్‌లో 1944లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. అదే న్యూయార్క్‌లో నర్సుగా పనిచేస్తున్న పమేలాను పెళ్లి చేసుకున్నారు. ఎంచుకున్న విభాగం రేడియాలజీ. అప్పట్లో రేడియాలజిస్టు అంటే చీకటి గదిలో కూర్చొని ఎక్స్‌రే ఫిల్ములు చూసి నివేదిక రాసే మనిషి. రోగి ముఖం కూడా సరిగా చూడనవసరం లేదు. డాటర్‌కు అది నచ్చలేదు. రక్తంలో రంగు మందు ఎక్కించి గుండెనూ, పెద్ద నాళాలనూ ఫిల్ము మీద పట్టే పనిలో పడ్డారు. ఇజ్రాయెల్ స్టైన్‌బర్గ్ అనే సహచరుడితో కలిసి 1951లో ఆ విషయం మీద పుస్తకమే తెచ్చారు. మరుసటి ఏడాది, 32 ఏళ్ల వయసులో, పోర్ట్‌లాండ్ నగరంలోని ఆరెగాన్ వైద్య కళాశాల ఆయన్ను పిలిచి రేడియాలజీ విభాగాధిపతిని చేసింది. ఆ కుర్చీలో ఆయన చనిపోయేదాకా 33 ఏళ్లు ఉన్నారు.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పుకోకపోతే డాటర్ కథ అర్థం కాదు. మొదటివారు జర్మనీకి చెందిన వెర్నర్ ఫోర్స్‌మన్. 1929లో ఎబర్స్‌వాల్డే పట్టణంలోని ఆసుపత్రిలో, పై అధికారులు వద్దంటున్నా తన మోచేతి దగ్గర సిరలోంచి సన్నటి గొట్టాన్ని గుండెదాకా తనే పంపుకొని, మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్లి ఫోటో తీయించుకున్న సాహసి. ఆ పని ఆయనకు పేరు తేలేదు, ఉద్యోగమే పోయింది. తర్వాత మూత్ర వ్యవస్థ శస్త్రవైద్యుడిగా స్థిరపడ్డారు. 1956లో నోబెల్ వచ్చేనాటికి ఆయన చేస్తున్నది ఆ వైద్యమే. ప్రయాపిజం వచ్చినవారు ఇవాళ మొదట వెళ్లేది యూరాలజిస్టు దగ్గరికే కదా. గొట్టాన్ని గుండెకు పంపిన మనిషీ ఆ కోవలోనే తేలటం విచిత్రం.

రెండోవారు స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ సెల్డింగర్. నాళంలోకి గొట్టం పంపాలంటే అంతకుముందు చర్మం కోసి, నాళాన్ని బయటికి తీయాల్సి వచ్చేది. 1953లో ఆయన ఒక చిట్కా చెప్పారు. ముందు సూది గుచ్చాలి. సూదిలోంచి సన్నటి తీగ పంపాలి. సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని జార్చాలి. అంతే. కోత అక్కర్లేదు. వినటానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. నాళంలోంచి చేసే ఏ చికిత్స అయినా ఇప్పటికీ దాదాపుగా ఇలాగే మొదలవుతోంది.

డాటర్ చేతికి ఈ చిట్కా అందేసరికి ఆయన బుర్ర పరుగెత్తింది. ఒకసారి వేదిక మీద ఉపన్యాసం ఇస్తూ చొక్కా చేయి పైకి మడిచారు. మోచేతి దగ్గర నుంచి ఒక గొట్టం వేలాడుతోంది. దాని రెండో కొస ఆయన గుండెలో ఉంది. దాన్ని పక్కనున్న యంత్రానికి తగిలించి, తన గుండెలోని పీడనం ఎలా మారుతోందో సభికులకు తెర మీద చూపిస్తూ మాట్లాడుతూ పోయారు. ఇలాంటివి చేస్తే పిచ్చి చార్లీ అనక ఏమంటారు!

ఫోటో మాత్రమే తీయమన్నారు

1963లో ఒక రోగికి పొట్టలోని మహాధమని ఫోటో తీస్తున్నప్పుడు అనుకోకుండా ఒకటి జరిగింది. కాలికి వెళ్లే ధమని పూడిపోయి ఉంది. డాటర్ పంపిన గొట్టం ఆ పూడికలోంచి దూసుకుపోయి పైకి వెళ్లింది. బయటికి తీశాక చూస్తే నాళం తెరుచుకొని రక్తం పారుతోంది. ఇంకొకరైతే గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేవారు. డాటర్ దీన్నే కావాలని చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. ఆ ఏడాది జూన్‌లో చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీలో జరిగిన సదస్సులో ఈ మాటే అందరి ముందూ పెట్టారు. గొట్టం చూడటానికే కాదనీ, శస్త్రచికిత్స చేసే పనిముట్టుగానూ ఎదగగలదనీ చెప్పారు. విన్నవారిలో ప్రాగ్ నుంచి వచ్చిన జోసెఫ్ రోష్ అనే రేడియాలజిస్టు ఉన్నారు. ఆయన మళ్లీ వస్తారు.

అవకాశం 1964 జనవరి 16న వచ్చింది. 82 ఏళ్ల వృద్ధురాలు. తొడ ధమని సన్నబడి ఎడమ పాదానికి రక్తం అందక పుండు పడింది, వేళ్లు నల్లబడ్డాయి. కాలు తీసేయాల్సిందేనని సర్జన్లు తేల్చారు. ఆమె ససేమిరా అన్నారు. ఇక చేసేదేమీ లేక డాటర్ దగ్గరికి పంపారు. డాటర్ ఒకదాని మీదుగా ఒకటి జారే, క్రమంగా లావయ్యే గొట్టాలను ఇరుకులోంచి పంపి నాళాన్ని వెడల్పు చేశారు. కొద్ది నిమిషాల పని. చల్లగా ఉన్న పాదం వేడెక్కింది. రోజులు గడిచేకొద్దీ పుండు మానింది. రెండేళ్లకు పైగా, చనిపోయేవరకూ ఆమె తన రెండు కాళ్ల మీదే నడిచారు.

అదే ఏడాది నవంబరులో డాటర్, ఆయన శిష్యుడు మెల్విన్ జడ్కిన్స్ కలిసి 9 మంది రోగుల 11 కాళ్ల కథను వైద్య పత్రికలో ప్రచురించారు. ఇప్పుడు యాంజియోప్లాస్టీ అంటే ఊళ్లో అందరికీ తెలుసు. దానికి పునాది ఆ వ్యాసం. అమెరికన్ సర్జన్లు మాత్రం ముఖం చిట్లించారు. ఫోటోలు తీసుకునే మనిషికి మా పనిలో చేయి ఎందుకన్నది వాళ్ల ధోరణి. ఒక సర్జన్ అయితే రోగిని పంపుతూ చీటీ మీద ఫోటో మాత్రం తీయమనీ, బాగు చేయబోవద్దనీ పెద్ద అక్షరాలతో రాసి పంపారు. ఐరోపాలో కథ వేరు. జర్మన్ వైద్యులు ఈ పద్ధతికి డాటర్ పేరే పెట్టేసి, దాన్ని క్రియాపదంగా వాడుకున్నారు. అక్కడే ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే యువకుడు ఆ విద్య నేర్చుకొని గొట్టం చివర చిన్న బుడగ అమర్చి, 1977లో జూరిచ్‌లో గుండె ధమనిని తెరిచారు.

పనిముట్ల సంగతి చెప్పుకోవాలి. డాటర్‌కు కావాల్సిన గొట్టాలు, తీగలు బజారులో దొరికేవి కావు. గిటారు తీగలు, కారు స్పీడోమీటరు కేబుళ్లు, కరెంటు తీగల మీది ప్లాస్టిక్ తొడుగులు... ఇవే ఆయన ముడిసరుకు. 1963లో షికాగోలో జరిగిన రేడియాలజీ సభలో బిల్ కుక్ అనే కుర్రాడు చిన్న దుకాణం పెట్టుకొని, మంట మీద ప్లాస్టిక్ గొట్టాలను సాగదీస్తూ కనిపించాడు. డాటర్ ఆ మంట పరికరాన్నీ, కొన్ని గొట్టాలనూ అరువడిగి హోటలు గదికి పట్టుకెళ్లి, రాత్రికి రాత్రి పది క్యాథెటర్లు చేసి తెల్లారి తెచ్చిచ్చారు. కుక్ వాటిని అక్కడే అమ్మేశాడు. ఆ కుర్రాడి దుకాణం తర్వాత ప్రపంచంలోని పెద్ద వైద్య పరికరాల సంస్థల్లో ఒకటైంది. 1969లో డాటర్ కుక్కల కాలి ధమనుల్లో లోహపు తీగ చుట్టలు పెట్టి, తెరిచిన నాళం మళ్లీ మూసుకోకుండా నిలబడుతుందేమో చూసి ఆ ఫలితాలు ప్రచురించారు. స్టెంటుకు అది తొలి రూపాల్లో ఒకటి. కందికి ఆట్టే దూరం లేని సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో ఇప్పుడు స్టెంట్ల కర్మాగారం నడుస్తోంది. అక్కడ పనిచేసే మన పిల్లల్లో ఎంతమందికి ఈ గిటారు తీగల సంగతి తెలుసో మరి.

తెరవటం తెలిసినవాడు మూయటమూ నేర్చాడు

డాటర్ పేరు చెబితే అందరూ పూడిన నాళం తెరవటమే తలుచుకుంటారు. నా దృష్టిలో దానికి ఏమాత్రం తీసిపోనిది ఆయన గదిలోనే జరిగిన ఉల్టా పని. కారుతున్న నాళాన్ని మూయటం.

కార్లోవీ వారీలో విన్న జోసెఫ్ రోష్ 1967లో ఏడాది పాటు పని నేర్చుకుందామని పోర్ట్‌లాండ్ చేరారు. మరుసటి ఏడాది సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి దిగాయి. రోష్ అమెరికాలోనే ఉండిపోయారు. ఇద్దరూ ఒక జోడీ అయ్యారు. పొట్టలో పుండు పగిలి ఆగకుండా రక్తం పోతున్నవారు అప్పట్లో ఎక్కువే. అంత నీరసించిన మనిషికి కడుపు కోయటం ప్రాణాల మీదికి తెచ్చే పని. అలాంటి ఒక రోగిలో రక్తం కారుతున్న జీర్ణాశయ ధమనిలోకి గొట్టం పంపి, ఆ రోగి నుంచే తీసి గడ్డకట్టించిన రక్తాన్ని అక్కడ వదిలారు. కారటం ఆగింది. రోష్, డాటర్, బ్రౌన్ కలిసి 1972లో దీన్ని ప్రచురించారు. నాళాన్ని లోపలి నుంచి మూయటం అంతకుముందు ఎవరూ చేయలేదని కాదు. 1930లోనే కంటి వెనక ధమని చిరిగిన రోగికి కండరం ముక్క వదిలి మూసిన వైద్యుడున్నాడు. కానీ ఏ కొమ్మ కారుతోందో ఎక్స్‌రేలో చూసి, గొట్టాన్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లి, దాన్ని మాత్రమే మూయటం అన్న క్రమశిక్షణ ఇక్కడే రూపు దిద్దుకుంది.

ఇందులో ఒక చిన్న కిటుకుంది. రక్తపు గడ్డ శాశ్వతం కాదు. కొద్ది రోజుల్లో శరీరమే దాన్ని కరిగించేస్తుంది. ఇదేం మూత అని అనిపించొచ్చు. కానీ గాయం మానటానికి కావాల్సింది ఆ కొద్ది రోజులే. పుండు మానాక నాళం మళ్లీ తెరుచుకుంటే నష్టమేముంది, లాభమే కదా. మూసి ఉంచాల్సింది గాయం మానేవరకే, ఆ తర్వాత రక్తం మళ్లీ పారాల్సిందే అన్న అవసరం ఉన్న చోటు శరీరంలో ఏదైనా ఉందా అంటే, దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయేది ధమని ప్రయాపిజమే.

ఎలాగో చూద్దాం. అంగంలో రెండు స్పాంజి గొట్టాల్లాంటి భాగాలుంటాయి. ఒక్కోదాని మధ్యలోంచి ఒక ధమని వెళ్తుంది. మామూలప్పుడు ఈ ధమని చిన్న చిన్న కొమ్మల ద్వారా కొద్దికొద్దిగా రక్తం వదులుతుంది. కాళ్ల సందున గట్టి దెబ్బ తగిలినప్పుడు, వెనక ఎముకకూ ముందు దూలానికీ మధ్య నలిగి ఈ ధమని చిరగొచ్చు. ఇక కొమ్మలతో పని లేదు. పగిలిన పైపులోంచి నీరు పొలంలోకి పారినట్టు రక్తం నేరుగా స్పాంజిలోకి పారుతుంది. వచ్చేది ఆక్సిజన్ ఉన్న మంచి రక్తమే, పోయే దారీ తెరిచే ఉంటుంది. అందుకే కండరం దెబ్బతినదు, నొప్పి ఉండదు, పూర్తిగా గట్టిపడదు. పారుతూనే ఉంటుంది కాబట్టి దిగిపోదు.

దెబ్బ తర్వాత వచ్చే ఈ రకాన్ని 1960లో అమెరికా వైద్యులు గుర్తించి రాశారు. అంతకుముందు, ఆ తర్వాత కూడా చాలాకాలం, ప్రయాపిజం అంటే ఒకటే జబ్బన్నట్టు చూసేవారు. నిలిచిన రక్తాన్ని మళ్లించటానికి కోసి అడ్డదారులు వేసేవారు. లేదంటే ధమనిని దారంతో కట్టేసేవారు. కట్టేస్తే పారుదల ఆగుతుంది, నిజమే. కానీ అంగస్తంభనకు రక్తం తెచ్చేది కూడా ఆ ధమనే. జబ్బు పోయి కాపురం పోయినట్టయ్యేది కొందరి పని. 1977లో విస్కాన్సిన్‌లో వేర్, క్రమ్మీ, మన్సన్ అనే వైద్యులు డాటర్, రోష్‌ల దారి పట్టారు. గొట్టాన్ని కటి భాగంలోని ధమనుల్లోంచి అంగానికి వెళ్లే ధమని దాకా పంపి, రోగి సొంత రక్తపు గడ్డనే అక్కడ వదిలారు. ఈ జబ్బుకు ఎంబొలైజేషన్ చేసినట్టు వైద్య పత్రికలకెక్కిన తొలి కథ అదే. ఆ తర్వాత 1983లో జూరిచ్ వైద్యులు రక్తనాళాల చిత్రాలు తీసి రెండు రకాల ప్రయాపిజం వేర్వేరని తేటతెల్లం చేశారు.

ఆ రెండో రకం గురించి ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దాంట్లో గంటలే ముఖ్యం. అంగం రాయిలా బిగుసుకుపోయి, తీవ్రంగా నొప్పి పెడుతూ, 4 గంటలు దాటినా దిగకపోతే అది రక్తం లోపలే నిలిచిపోయిన రకం. దీనికి ఆగటం, ఇంట్లో చిట్కాలు చేయటం ప్రమాదం. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి వెళ్లాలి. నిలిచిన రక్తాన్ని సూదితో తీసి, నాళాలు ముడుచుకునే మందు ఎక్కిస్తారు. దానికీ లొంగకపోతే శస్త్రచికిత్స చేస్తారు. ఒకటిన్నర రోజు దాటితే మళ్లీ మామూలు అంగస్తంభన రావటం చాలా కష్టం. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో, అందులోనూ చిన్న వయసులో, ఇది ఎక్కువ. మన రాష్ట్రంలో ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో ఆ జబ్బు ఉందన్న సంగతి తెలిసిందే. కొన్ని మానసిక వ్యాధుల మందులు, అంగస్తంభన కోసం చేయించుకునే ఇంజెక్షన్లు, కొన్ని రక్త క్యాన్సర్లు కూడా కారణం కావొచ్చు. దీనికి ఎంబొలైజేషన్ పనికిరాదు. కాబట్టి నాకున్నది ఏ రకమో తేల్చాల్సింది డాక్టరే తప్ప పక్క గది మిత్రుడు కాదు.

తేల్చటం పెద్ద కష్టం కాదు. అంగంలోంచి సూదితో కొద్దిగా రక్తం తీస్తే, ధమని రకంలో ఎర్రగా, ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. నిలిచిన రకంలో నల్లగా ఉంటుంది. రంగుల డాప్లర్ స్కాన్‌లో చిరిగిన చోట రక్తం సుడి తిరుగుతూ కనిపిస్తుంది. ధమని రకం అని తేలాక తొందరేమీ లేదు. ఐసు పెట్టటం, చిరిగిన చోట ఒత్తి పట్టటం లాంటివి చేస్తూ నెల రోజుల దాకా వేచి చూడొచ్చు. చాలామందిలో, ముఖ్యంగా పిల్లల్లో, చిరుగు దానంతటదే మూసుకుంటుంది. తగ్గకపోతే, రోగికి ఇబ్బందిగా ఉంటే, అప్పుడు ఎంబొలైజేషన్.

దీన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. సంగారెడ్డి ప్రాంతం వాళ్లకు గంట, గంటన్నర ప్రయాణంలో హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులున్నాయి. గజ్జల దగ్గర చర్మానికి మత్తు ఇచ్చి సూది గుచ్చుతారు. కొందరు మణికట్టు ధమని నుంచి కూడా వెళ్తారు. ఆ తర్వాతంతా సెల్డింగర్ చిట్కానే. తీగ, గొట్టం, దానిలోంచి ఇంకా సన్నటి గొట్టం. తెర మీద చూస్తూ కటి ధమని, దాని కొమ్మ, ఆ కొమ్మకు కొమ్మ పట్టుకొని చిరుగు దాకా చేరతారు. రంగు మందు వదిలితే చిరిగిన చోట మేఘంలా కమ్ముకుంటుంది. అక్కడ రోగి రక్తపు గడ్డనో, కరిగిపోయే జెలటిన్ స్పాంజి ముక్కలనో వదులుతారు. అవసరాన్ని బట్టి, వెంట్రుకలా సన్నటి లోహపు చుట్టలూ వాడతారు. ఇవి కరిగేవి కావు, లోపలే ఉండిపోతాయి. ఏది వాడబోతున్నారు, ఎందుకు అని రోగి అడగొచ్చు, అడగాలి కూడా.

అద్భుతాలు చేసేస్తుందని చెప్పటం లేదు. కొందరిలో మళ్లీ తిరగబెట్టి రెండోసారి చేయాల్సి వస్తుంది. గుచ్చిన చోట రక్తం గూడు కట్టొచ్చు. కొంతమందిలో అంగస్తంభన బలహీనపడే అవకాశమూ ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రంగు మందు పడనివారు ముందే చెప్పాలి. అయినా ధమనిని దారంతో కట్టేసిన రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. కోత ఉండదు, కుట్లుండవు, సిగ్గుపడేలా ఎక్కడా మచ్చ మిగలదు.

శిఖరాల లెక్క

డాటర్‌కు సొంత శరీరం అంతగా సహకరించలేదు. లింఫు గ్రంథులకు వచ్చే హాడ్జ్‌కిన్ క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ తీసుకున్నారు. గుండె ధమనులూ పూడాయి. నాళాలను కత్తి లేకుండా తెరవటం లోకానికి నేర్పిన మనిషి తన గుండె కోసం బైపాస్ కత్తి కిందికి వెళ్లాల్సి వచ్చింది. అయినా కొండలు వదల్లేదు. క్యాన్సర్ వచ్చాక కూడా స్విట్జర్లాండ్ సరిహద్దులోని మ్యాటర్‌హార్న్ ఎక్కారు. అమెరికాలో 14,000 అడుగులు దాటిన శిఖరాలు 67 ఎక్కి లెక్క పూర్తి చేశారు. విమానం నడిపేవారు, పక్షుల వెంట తిరిగేవారు, కార్లు వేగంగా తోలేవారు. ఇంట్లోవాళ్ల గుండెలు ఎలా ఉండేవో చెప్పనక్కర్లేదు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1978లో నోబెల్‌కు ఆయన పేరు ప్రతిపాదించారు గానీ బహుమతి రాలేదు. గ్రుంట్‌జిగ్ బుడగ అమెరికాలో ఊపందుకున్నాక, ఒకప్పుడు ముఖం చిట్లించిన సర్జన్లే డాటర్ చెప్పింది నిజమేనని ఒప్పుకోక తప్పలేదు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. పోర్ట్‌లాండ్‌లోనే 1985 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. ఐదేళ్ల తర్వాత అదే ఊళ్లో ఆయన పేరిట ఒక సంస్థ వెలిసింది. తొలి సారథి జోసెఫ్ రోష్. వెనక నిలబడి సాయం చేసింది ఒకప్పుడు మంట మీద గొట్టాలు సాగదీసిన బిల్ కుక్.

ఆ 1985 ఈ విద్యకు కలిసిరాని ఏడాది. డాటర్ పోవటానికి కొద్ది రోజుల ముందు, జనవరిలో, తొలి వ్యాసం కలిసి రాసిన జడ్కిన్స్ పోయారు. ఆగస్టులో గుండె ధమనులకు రంగు మందు ఎక్కించి ఫోటో తీయటం నేర్పిన మేసన్ సోన్స్ పోయారు. అక్టోబరులో గ్రుంట్‌జిగ్, తన విమానం తానే నడుపుకొంటూ వెళ్తూ కూలిపోయి మరణించారు. ఆయనకప్పుడు 46 ఏళ్లు.